మాస్టర్ ఫైలు, దాని వెంట వెళ్ళే కాగితాలు

ఒక డాక్యుమెంటరీ పూర్తయిందని దర్శకుడు అనుకునే రోజుకూ, పూర్తయిందని ప్రసార సంస్థ ఒప్పుకునే రోజుకూ మధ్య కొన్ని వారాల ఎడం ఉంటుంది. ఎడిటింగ్ ముగిసింది, రంగులు సరిదిద్దారు, ఫైనల్ మిక్స్ అయిపోయింది, దర్శకుడు ఇంటికి వెళ్ళి చాలా రోజుల తర్వాత తీరిగ్గా నిద్రపోయాడు. ప్రొడక్షన్ ఆఫీసులో మాత్రం ఒకరిద్దరు పొడవాటి జాబితా ఒకటి ముందు పెట్టుకొని కూర్చొని ఉంటారు. మాస్టర్ ఫైలు, సబ్‌టైటిల్ ఫైలు, సంగీతపు క్యూ షీట్, తెర మీద మాట్లాడిన మనుషుల సంతకాలు, పాత దృశ్యాలు వాడుకున్నందుకు లైసెన్సులు, మెరుపుల పరీక్షలో నెగ్గినట్టు పత్రం, బీమా పత్రం, టైటిల్స్‌లో పడిన పేర్ల పట్టిక, పత్రికలకు ఇవ్వవలసిన ఫోటోలు, అక్షరాలు లేని దృశ్యాలు: జాబితా ఇలా సాగుతుంది. ఒప్పందంలోని చివరి వాయిదా సొమ్ము, ఈ జాబితాలోని ఆఖరి గడిలో టిక్కు పడేదాకా రాదు.

దీన్ని గుమాస్తా పనిగా చూసి విసుక్కోవడం ఈ రంగంలో అలవాటే. కానీ కాస్త నిదానించి చూస్తే, ఆ జాబితాలోని ప్రతి అంశమూ ఒక ప్రశ్నకు ముందుగానే రాసిపెట్టిన జవాబు అని తెలుస్తుంది. ఆ ప్రశ్న అడిగేవాడు ఇప్పుడు ఎదురుగా లేడు. ఐదేళ్ళ తర్వాత, పదేళ్ళ తర్వాత, ఈ కార్యక్రమం తీసినవాళ్ళు ఎవరో కూడా తెలియని ఒక ఆఫీసులో కూర్చొని అడుగుతాడు. ఈ పాట ఎవరిది? ఈ పిల్లవాణ్ణి చూపించడానికి ఎవరు ఒప్పుకున్నారు? దీన్ని మళ్ళీ ప్రసారం చేస్తే ఎవరికి డబ్బు కట్టాలి? కార్యక్రమం తనను తీసినవాళ్ళ నుంచి విడిపోయి ఒంటరిగా బతకవలసి ఉంటుంది కనుక, ఆ జవాబులు దాని వెంటే వెళ్ళాలి.

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి బ్రిటన్ మంచి ఉదాహరణ. అక్కడి ప్రసార సంస్థలు తమలో తాము పోటీ పడుతూనే, అప్పగింత నియమాల విషయంలో మాత్రం ఒక బల్ల చుట్టూ కూర్చొని ఒకే ప్రమాణాన్ని రాసుకొని బహిరంగంగా ప్రచురించాయి. అంతకు ముందు ఇద్దరు కొనుగోలుదారులున్న చిన్న నిర్మాణ సంస్థ ఒకే రకమైన సరుకును రెండు రకాలుగా మూటగట్టవలసి వచ్చేది. 2010లో బీబీసీ, ఐటీవీ, చానెల్ 4 కలిసి డిజిటల్ ప్రొడక్షన్ పార్ట్‌నర్‌షిప్ అనే ఉమ్మడి వేదికను పెట్టుకున్నాయి. క్లుప్తంగా డీపీపీ అంటారు. టేపు స్థానంలో ఫైలే ప్రధానమైన అప్పగింత రూపంగా ఉండాలని బ్రిటన్‌లోని ప్రధాన ప్రసార సంస్థలు పెట్టుకున్న గడువు 2014 అక్టోబరు 1.

టేపు కాలాన్ని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. దూరదర్శన్ ఒక్కటే దిక్కుగా ఉన్న రోజుల్లో మన దగ్గర కూడా అప్పగింత అంటే యూమాటిక్, ఆ తర్వాత బీటాక్యామ్ టేపును సంచిలో పెట్టుకొని రామంతపూర్‌లోని కేంద్రానికి వెళ్ళడమే. టేపు చేతికి తగిలే వస్తువు; డబ్బా మీద పేరు రాసి ఉంటుంది; పోతే పోయిందని తెలుస్తుంది. బ్రిటన్‌లో హెచ్‌డీ వచ్చాక హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ అనే ఖరీదైన టేపు రాజ్యమేలింది. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీ సెండాయ్ ప్రాంతంలోని సోనీ టేపుల కర్మాగారాన్ని దెబ్బతీశాయి. ప్రపంచమంతటా ఆ టేపులకు కొరత ఏర్పడింది. ఫైళ్ళ వైపు వెళ్ళాలన్న ఆలోచన అప్పటికే ఉన్నా, పరిశ్రమ మొత్తం ఒకే చోట తయారయ్యే ఒకే వస్తువు మీద ఆధారపడి ఉందన్న సంగతి ఆ వారాల్లో అందరికీ కళ్ళకు కట్టింది.

ఫైలు వచ్చాక చిక్కులు తగ్గలేదు, రూపం మార్చుకున్నాయి. టేపును ఏ యంత్రంలో పెట్టినా ఒకేలా ఆడేది. ఫైలు అనే మాటకు మాత్రం వంద అర్థాలు. అందుకే డీపీపీ ప్రమాణం ఫైలు లోపలి నిర్మాణాన్ని కూడా కట్టుదిట్టం చేసింది. ఏఎస్-11 అనే ఆ నమూనాలో ఎంఎక్స్‌ఎఫ్ అనే పెట్టె ఉంటుంది; అందులో బొమ్మ, ధ్వని, వివరాల పట్టిక నిర్ణీతమైన వరుసలో సర్ది ఉంటాయి. హెచ్‌డీ బొమ్మ సెకనుకు 25 ఫ్రేముల లెక్కన, సుమారు 100 మెగాబిట్ల వేగంతో ఉంటుంది. ధ్వని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. గంట కార్యక్రమం దాదాపు 50 గిగాబైట్లు అవుతుంది. అదే కార్యక్రమం ప్రేక్షకుడి ఇంటికి చేరేటప్పటికి అందులో కొద్ది వంతు మాత్రమే మిగులుతుంది కదా, ఇంత బరువు ఎందుకన్న సందేహం సహజం. ఇంటికి చేరేలోగా ఆ బొమ్మను రెండు మూడు చోట్ల మళ్ళీ కుదిస్తారు. జిరాక్స్‌కు జిరాక్స్ తీస్తే అక్షరాలు ఎలా అలుక్కుపోతాయో, ముందే సన్నగా కుదించిన బొమ్మ కూడా అలాగే చెదిరిపోతుంది. పైగా ఇక్కడ ప్రతి ఫ్రేమునూ విడివిడిగా కుదిస్తారు కాబట్టి, ప్రోమో కోసం ఎక్కడ కత్తిరించినా పక్క ఫ్రేముల మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

కార్యక్రమం మొదటి ఫ్రేము టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ వేసే గంటలు, నిమిషాలు, సెకన్ల గుర్తు) సున్నా మీద ఉండదు. సరిగ్గా పది గంటల మీద ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. కారణం చాలా సాదా. కార్యక్రమానికి ముందు కొంత సన్నాహక భాగం ఉండాలి. సున్నా దగ్గర మొదలుపెడితే దాని వెనక్కి వెళ్ళడానికి చోటు లేక గడియారం నిన్నటి రాత్రి 23 గంటల్లో పడుతుంది. అందుకని 09:59:30 దగ్గర రంగుల పట్టీలు, వాటితో పాటు ఒకే స్థాయిలో వినిపించే ధ్వని; 09:59:50 దగ్గర కార్యక్రమం పేరు, సంఖ్య, వెర్షన్ రాసి ఉన్న గడియారం; 09:59:57 నుంచి మూడు సెకన్ల చీకటి, నిశ్శబ్దం; 10:00:00 దగ్గర కార్యక్రమం. నిజానికి ఫైలును ఆడించే సర్వర్‌కు ఆ గడియారంతో పని లేదు, వివరాల పట్టిక చదివితే చాలు. అయినా అది నిలిచి ఉండటం నాకు నచ్చుతుంది. యంత్రం తప్పు చెప్పిన రోజున మనిషి కంటితో చూసి ఇది ఫలానా కార్యక్రమమేనని నిర్ధారించుకోవడానికి మిగిలిన ఒకే ఆనవాలు అది.

వివరాల పట్టికలో సిరీస్ పేరు, ఎపిసోడ్ పేరు, ప్రొడక్షన్ నంబరు, నిడివి, విరామాల మధ్య భాగాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయన్న లెక్క ఉంటాయి. బొమ్మలో రవ్వంత దోషం లేకున్నా, గడియారం మీద ఒక సంఖ్య, పట్టికలో మరొక సంఖ్య ఉన్నందుకే ఫైలు వెనక్కి రావచ్చు. ఇది మొండితనంగా కనిపిస్తుంది కానీ, వేల కార్యక్రమాలు వరుసలో నిలబడిన చోట సంఖ్య తప్పితే, శుక్రవారం రాత్రి పెద్దలు చూడవలసిన ఎపిసోడ్ శనివారం ఉదయం పిల్లల వేళకు తెర మీదికి వస్తుంది.

ధ్వని విషయంలో ఒక సంఖ్య ఈ రంగంలో అందరికీ కంఠస్థం: మైనస్ 23. ఇది ఎందుకు వచ్చిందో తెలియాలంటే పాత కొలతల లోపం తెలియాలి. ఒకప్పుడు ధ్వనిని దాని శిఖరాలను బట్టి కొలిచేవారు, అంటే ముల్లు ఎంత ఎత్తుకు ఎగిరిందో చూసేవారు. మన చెవి అలా వినదు. కొంతసేపటి మీద వచ్చిన మొత్తం శక్తిని బట్టి ఇది పెద్ద శబ్దం, ఇది చిన్న శబ్దం అని తేల్చుకుంటుంది. ఈ తేడాను ప్రకటనలవారు బాగా వాడుకున్నారు. గుసగుసను, కేకను ఒకే ఎత్తుకు నొక్కిపెట్టి, ప్రతి మాటనూ శిఖరం అంచుకు చేర్చారు. ముల్లు హద్దు దాటలేదు, కానీ ప్రకటన రాగానే ఇంటిల్లిపాదీ రిమోట్ కోసం తడుముకొనే పరిస్థితి వచ్చింది. అమెరికాలో ఈ మోతను అదుపు చేయడానికి 2010లో చట్టమే చేయవలసి వచ్చింది. అదే ఏడాది ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూ, ఆర్128 అనే సిఫారసును వెలువరించింది. దాని ప్రకారం కార్యక్రమం మొత్తం మీద చెవికి తెలిసే సగటు ధ్వని మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (ఈ ధ్వనిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉండాలి. నిశ్శబ్దాలను లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి, సగం సేపు మౌనంగా ఉండి మిగతా సగం అరిచే ఎత్తు కూడా చెల్లదు. అత్యధిక శిఖరానికి బ్రిటన్ ప్రమాణం మరో హద్దు పెట్టింది, మైనస్ 3 డెసిబెల్ అని.

ఈ నియమం వచ్చాక మిక్సింగ్ ఇంజినీరు మీద ఒక ఒత్తిడి తగ్గింది. పక్క ఛానెల్ కంటే గట్టిగా వినిపించాలన్న పందెం ముగిసింది. అయితే సంఖ్య కుదిరినంత మాత్రాన మాట అర్థమవుతుందన్న హామీ లేదు. 2014లో బీబీసీ ప్రసారం చేసిన ఒక నాటక ధారావాహికలో పాత్రలు గొణుగుతున్నాయనీ, సంభాషణలు వినబడటం లేదనీ రెండు వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. కొలత పరికరం సగటును కొలుస్తుంది. యాస, ఉచ్చారణ, నేపథ్య సంగీతం కింద నలిగిన మాట దానికి తెలియవు. అవి తెలుసుకోవడానికి స్క్రిప్టు చదవని ఒక మనిషిని కూర్చోబెట్టి వినిపించడం కంటే మంచి పరికరం ఇంకా రాలేదు.

మెరుపుల పరీక్ష సంగతి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే అది నేరుగా ప్రేక్షకుడి ప్రాణానికి సంబంధించినది. కొందరికి వేగంగా మెరిసి ఆరే వెలుగును చూస్తే మూర్ఛ వస్తుంది. జపాన్‌లో 1997 డిసెంబరు 16న ప్రసారమైన పోకెమాన్ ఎపిసోడ్‌లో కొన్ని సెకన్ల పాటు ఎరుపు, నీలం రంగులు చాలా వేగంగా మారి మారి మెరిశాయి. ఆ సాయంత్రం దాదాపు 700 మందిని, ఎక్కువగా పిల్లలను, ఆసుపత్రులకు తరలించారు. బ్రిటన్‌లో అంతకు ముందే, 1993లో ఒక ప్రకటన వల్ల కొందరికి మూర్ఛ రావడంతో నియమాలు మొదలయ్యాయి. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ గ్రాహమ్ హార్డింగ్ పరిశోధన వాటికి ఆధారం. ఆ పరీక్ష యంత్రాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకాల సారాంశం ఇది: ఒక సెకనులో మూడుకు మించి మెరుపులు ఉండి, అవి తెర వైశాల్యంలో నాలుగో వంతుకు మించిన మేర ఆవరిస్తే అది ప్రమాదకరం. ముదురు ఎరుపు మెరుపులకు, గీతల నమూనాలకు వేరే నిబంధనలు ఉన్నాయి.

ఈ పరీక్షలో దోషిగా తేలే దృశ్యం ఏ గ్రాఫిక్స్ విన్యాసమో కానక్కరలేదు. కోర్టు మెట్లు దిగుతున్న ప్రముఖుడి మీద ఫోటోగ్రాఫర్లు కురిపించే ఫ్లాష్ వెలుగులు చాలు. మన సినిమా వేడుకల ఫుటేజీని బ్రిటన్ కార్యక్రమంలో వాడుకోవాలనుకునేవారికి ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. ఎడిటర్ ఆ కొద్ది ఫ్రేముల వెలుగును తగ్గించవచ్చు, వేగాన్ని మందగింపజేయవచ్చు, దృశ్యాన్నే మార్చవచ్చు. ఏది చేసినా ఫైలును మళ్ళీ తయారు చేసి, మళ్ళీ పరీక్షించి, కొత్త పత్రం జతచేయాలి. పాత ఫైలు పత్రం కొత్త ఫైలుకు పనికిరాదు.

ఆ పైన సాఫ్ట్‌వేర్ పరీక్ష ఒకటి, మనిషి కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చూసే పరీక్ష మరొకటి ఉంటాయి. మొదటిది గంటలో వంద అనుమానాలు రాసిస్తుంది. అందులో ఏది తప్పు, ఏది దర్శకుడు కావాలని చేసినది అని తేల్చవలసింది రెండవవారు. రెండు సెకన్ల నల్లతెర కళా, పొరపాటా అన్నది యంత్రం చెప్పలేదు.

ఇక కాగితాల దగ్గరికి వస్తే, నా దృష్టిలో అప్పగింత అసలు బరువు ఇక్కడే ఉంది. పాడైన ఫైలును మళ్ళీ చేయవచ్చు. తీసుకోని సంతకాన్ని రెండేళ్ళ తర్వాత తీసుకురావడం దాదాపు అసాధ్యం. బీబీసీ పరిభాషలో ‘ప్రోగ్రామ్ యాజ్ కంప్లీటెడ్’ అనే పత్రం ఒకటి ఉంది. అనుకున్న కార్యక్రమం వేరు, పూర్తయ్యాక తేలిన కార్యక్రమం వేరు. ఈ పత్రం రెండవదాని గురించి మాత్రమే చెబుతుంది. తెర మీద ఎవరు కనిపించారు, వారికి ఏ ఒప్పందం కింద ఎంత ఇచ్చారు, మళ్ళీ ప్రసారం చేస్తే మళ్ళీ ఇవ్వాలా, పాత దృశ్యాలు ఎవరివి, ఎన్ని సెకన్లు వాడారు, ఫోటోలు ఎవరివి అన్నవన్నీ అందులో ఉంటాయి. పదిమందితో ఒప్పందాలు రాసుకొని ఎడిటింగ్‌లో ఇద్దరిని తీసేస్తే, పత్రంలో ఎనిమిది మందే ఉండాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఈ పత్రాన్ని ఫైనల్ కట్ తర్వాత కాకుండా షూటింగ్ షెడ్యూల్ చూసి నింపేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే.

సంగీతపు క్యూ షీట్‌లో ప్రతి సంగీత శకలానికీ ఒక వరుస ఉంటుంది: పేరు, స్వరకర్త, గీత రచయిత, ప్రచురణకర్త, గాయకుడు, రికార్డు కంపెనీ, ఎన్ని సెకన్లు, పాత్రలకు వినిపించే సంగీతమా లేక నేపథ్యమా, కార్యక్రమం కోసం ప్రత్యేకంగా చేయించినదా లేక అప్పటికే ఉన్నదా. ఒక డాక్యుమెంటరీలో వ్యాఖ్యాత విజయవాడ వీధిలో నడుస్తుంటే టీ కొట్టు రేడియోలో పాత సినిమా పాట పదకొండు సెకన్లు వినిపించిందనుకుందాం. ఆ పదకొండు సెకన్లలో రెండు వేర్వేరు హక్కులున్నాయి: పాట అనే రచన మీద సాహిత్యకారుడికీ స్వరకర్తకూ ఉన్నది ఒకటి, ఆ రికార్డింగ్ మీద మ్యూజిక్ కంపెనీకి ఉన్నది రెండవది. బ్రిటన్‌లో ప్రసార సంస్థలు సంగీత హక్కుల సంఘాలతో ఏడాదికి ఇంత అని గుత్త లైసెన్సులు పెట్టుకుంటాయి కనుక, అక్కడి ప్రసారానికి ప్రతి పాటకూ విడిగా అనుమతి అడగవలసిన పని చాలా సందర్భాల్లో ఉండదు. అయితే ఆ డబ్బును ఎవరెవరికి పంచాలో చెప్పేది క్యూ షీటే. రాయని పేరుకు డబ్బు చేరదు. పైగా ఆ గుత్త లైసెన్సు విదేశాలకు అమ్మినప్పుడు అన్నిచోట్లా వెంట రాదు. బ్రిటన్‌లో ప్రసారమైన కార్యక్రమాలు డీవీడీకో మరో దేశానికో వెళ్ళేటప్పుడు కొన్ని పాటలు మారిపోవడానికి కారణం ఇదే.

ఇందులో తెలుగువారికి నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. 2012లో సవరించిన భారత కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమా పాట రాసినవారికీ స్వరపరచినవారికీ, ఆ సినిమాతో పాటు థియేటర్లో ప్రదర్శించినప్పుడు తప్ప మిగతా వాడుకల్లో రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు ఉంది. ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చినా అది చెల్లదు. అంటే పాటల పోటీ కార్యక్రమంలో ఒక చిన్నారి పాత పాట పాడిన ప్రతిసారీ, ఆ పాట రాసిన కవికి లేదా ఆయన వారసులకు లెక్క ప్రకారం ఏదో ఒకటి రావాలి. వస్తుందా రాదా అన్నది ఆ ఎపిసోడ్ క్యూ షీట్‌లో కవి పేరు సరిగ్గా రాశారా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. వేదిక మీద ఆ కవిని వేనోళ్ళ పొగిడి, కాగితం మీద సినిమా పేరు ఒక్కటే రాసి ఊరుకోవడం ఎంత విడ్డూరమో!

అదే చట్టంలోని 19వ సెక్షన్ రచయితలతో, సంగీతకారులతో చేసుకునే ఒప్పందాలను చదివే పద్ధతిని నిర్దేశిస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్ళకే అని భావిస్తారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. 2012 సవరణ మరో మాట కూడా చేర్చింది: ఒప్పందం రాసుకున్న నాటికి లేని, లేదా వ్యాపార వాడుకలోకి రాని మాధ్యమం పేరును ప్రత్యేకంగా ప్రస్తావించకపోతే ఆ మాధ్యమానికి హక్కు బదిలీ కాదు. ఒక సీరియల్ కథా రచయితతో అర పేజీ కాగితం మీద ‘అన్ని హక్కులూ ఇచ్చాను’ అని రాయించుకున్న నిర్మాత, ఏడేళ్ళ తర్వాత డల్లాస్‌లోని తెలుగు కుటుంబాలు ఫోన్లలో చూసే యాప్‌కు ఆ సీరియల్‌ను అమ్మబోతే, కాలం, దేశం అన్న రెండు అడ్డంకులూ ఎదురుగా నిలబడతాయి. అప్పగింత జాబితాలో హక్కుల గొలుసు అని ఒక పత్రం అడిగేది ఇందుకే. కథ రాసినవారి నుంచి అమ్ముతున్నవారి దాకా ఒక్క లంకె కూడా ఊడకుండా ఉందని చూపించాలి.

సంతకాల విషయంలో మరో మెలిక ఉంది. ఆఫ్‌కామ్ నియమావళిలో న్యాయబద్ధతకు సంబంధించిన భాగం, కార్యక్రమంలో పాల్గొనేవారికి అది దేని గురించో, తమ పాత్ర ఏమిటో, ఎక్కడ ఎప్పుడు ప్రసారమయ్యే అవకాశం ఉందో ముందుగా చెప్పాలంటుంది. సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదు. తెలుగు మాత్రమే తెలిసిన రైతు చేత ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకొని తెచ్చిన కాగితం, ఫిర్యాదు వచ్చిన రోజున నిర్మాతను కాపాడకపోగా ఆయన మీదే సాక్ష్యం అవుతుంది. తెలుగులో రాసిన ఫారం, లేదా కెమెరా ముందు తెలుగులో వివరించి తీసుకున్న ఒప్పుకోలు దానికంటే ఎంతో గట్టిది.

భారతదేశంలో ప్రసారానికి ఇచ్చే కార్యక్రమమైతే ఇక్కడి చట్టాలు అడిగే కాగితాలు వేరే ఉన్నాయి. బాల నటులు ఉంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు అయిదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి వారి చేత పనిచేయించరాదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పొగాకు కనిపించే దృశ్యాలకు 2012 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం హెచ్చరిక అక్షరాలు పడాలి, ఆ దృశ్యాలు ఏ టైమ్‌కోడ్ దగ్గర ఉన్నాయో ఎవరో ఒకరు ముందే గుర్తించి ఉండాలి. ‘ఎ’ సర్టిఫికెట్ పొందిన సినిమాను టీవీలో వేయాలంటే కోతలు పెట్టి సెన్సార్ బోర్డు చేత మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కాబట్టి శాటిలైట్ హక్కులతో పాటు ఏ వెర్షన్ ఫైలు వచ్చిందన్నది కూడా ప్రశ్నే.

వెర్షన్ల సంగతి క్లుప్తంగా. ఒక్క కార్యక్రమమే విరామాలతో ఒకటి, విరామాలు లేకుండా ఒకటి, పగటి వేళకు బూతులు తీసేసి ఒకటి అని పెరుగుతుంది. వాటితో పాటు తెర మీద అక్షరాలు లేని దృశ్యాలనూ, మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకునూ అడుగుతారు. ఈ ట్రాకు విలువ డబ్బింగ్ చేసేవారికి తెలుసు. అది లేకపోతే, తెలుగు సీరియల్‌ను కన్నడంలోకి తీసుకెళ్ళేటప్పుడు మాటలతో పాటు అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమన్న శబ్దం కూడా పోతాయి, వాటన్నిటినీ మళ్ళీ సృష్టించుకోవాలి.

ఇంతా పంపాక, పంపడం ఒకటి, ఆమోదం మరొకటి. ఒప్పందాల్లో ఈ రెండు మాటలకూ వేర్వేరు అర్థాలున్నాయి. ఫైలు చేరింది, కాగితాలు చేరాయి అన్నంత వరకు అది అప్పగింతే. పరీక్షలన్నీ నెగ్గి, ప్రసార సంస్థ ‘స్వీకరించాం’ అని రాసినప్పుడే ఆమోదం. చివరి వాయిదా సొమ్ము ఆమోదానికి ముడిపడి ఉందా, అప్పగింతకు ముడిపడి ఉందా అన్నది సంతకం పెట్టే ముందే చదువుకోవలసిన వాక్యం, ఎందుకంటే ఆ మధ్య కాలపు వడ్డీ నిర్మాతదే. హక్కులు ఎవరి దగ్గర ఉంటాయన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం తర్వాత స్వతంత్ర నిర్మాతలు చాలావరకు హక్కులను తమ వద్దే ఉంచుకొని, ప్రసార సంస్థకు కొంత కాలానికి లైసెన్సు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. కాగితాలు సక్రమంగా ఉంచుకోవడంలో నిర్మాతకు స్వార్థం ఉంది. రేపు వేరే దేశానికి అమ్ముకొనేది తానే. తెలుగు ఛానెళ్ళు సొంత ఖర్చుతో చేయించుకునే కార్యక్రమాల్లో హక్కులు సాధారణంగా ఛానెల్‌కే వెళ్ళిపోతాయి. అప్పుడు నటీనటులనూ రచయితలనూ సంగీతకారులనూ చూసినవాడు నిర్మాత, వారికి జవాబు చెప్పవలసినవాడు ఛానెల్. మధ్యలో ఉన్నది ఆ కాగితాల కట్ట ఒక్కటే.

డైలీ సీరియల్‌లో ఈ కట్ట పెరిగే తీరు డాక్యుమెంటరీకి పూర్తిగా భిన్నం. వారానికి అయిదారు ఎపిసోడ్లు వెళ్ళాలి. నాలుగైదు ఎపిసోడ్లు ముందుగా సిద్ధం చేసి పెట్టుకోవడాన్ని బ్యాంకింగ్ అంటారు. పండగో, వానో, నాయికకు జ్వరమో వచ్చిందంటే ఆ బ్యాంకు ఖాళీ అవుతుంది. అప్పటి నుంచి రాత్రి ప్రసారం కావలసిన ఎపిసోడ్ మధ్యాహ్నం మిక్సింగ్‌లో ఉంటుంది. ఫైలు ఎలాగో ఛానెల్ సర్వర్‌కు చేరుతుంది, చేరకపోతే ప్రసారం ఆగుతుంది కనుక. క్యూ షీట్ చేరకపోయినా ఆ రాత్రి ఏదీ ఆగదు. అది రేపటికి, రేపటిది వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఎనిమిది వందల ఎపిసోడ్లు దాటాక, ఆ సీరియల్‌ను ఏదో ఓటీటీ వాళ్ళు అడిగారని మొదటి ఎపిసోడ్ నుంచి కాగితాలు తీయమంటే, నలభై మూడో ఎపిసోడ్‌లో పెళ్ళి పందిరి దగ్గర వినిపించిన ఆ సన్నాయి ట్రాకు లైబ్రరీదా, ఎవరో వాయించినదా అని తెలిసిన ఒకే ఒక్క అసిస్టెంట్ డైరెక్టర్ అప్పటికి రెండు సీరియళ్ళు మారి, మూడోదాని సెట్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకొని ఉంటాడు.